బోల్టు తలలో వెంట్రుకవాసి

"సార్, తుపాకీ ముసలిదైందని ఎట్ల తెలుస్తది?"

పాలిటెక్నిక్ మెట్రాలజీ ల్యాబులో గేజీల పాఠం చెబుతుంటే ఎన్‌సీసీ కుర్రాడొకడు అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు నా చేతిలో ప్లగ్ గేజి ఉంది. దాని ఒక కొస రంధ్రంలో దూరాలి, రెండో కొస దూరకూడదు. దూరాల్సింది దూరి, ఆగాల్సింది ఆగితే ఆ రంధ్రం కొలత సరైనదే. ఎంత కొలతో అంకెల్లో చెప్పదు గానీ పనికొస్తుందో లేదో మాత్రం తేల్చేస్తుంది. కొన్ని వేల తూటాలు పేల్చాక బ్యారెల్ అరిగిపోతుందని పుస్తకంలో ఉన్న మాట కుర్రాడికి చెప్పాను. "అరిగిందని చూసి చెప్పొచ్చా సార్?" అని మళ్లీ అడిగాడు. తెలుసుకుని వచ్చి చెబుతానన్నాను.

మా సంతోష్‌నగర్‌లో ఇలాంటి ప్రశ్న పట్టుకుని దూరం పోనక్కర్లేదు. పక్కనే కంచన్‌బాగ్. లోహాలను పరీక్షించేవాళ్లు, క్షిపణులు కట్టేవాళ్లు, మిశ్ర ధాతు నిగంలో ప్రత్యేకమైన ఉక్కులు పోసేవాళ్లు ఐ.ఎస్. సదన్ చౌరస్తాలో కూరగాయల బండి దగ్గరే కనిపిస్తారు. మా వీధి చివర ఇంట్లో ఉండే చాచా సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆర్మరర్ అంటే తుపాకుల వైద్యుడు. తిరుమలగిరిలోని ఈఎంఈ కేంద్రంలో పని నేర్చుకుని, ఎక్కడెక్కడి పల్టన్లలోనో రైఫిళ్లు విప్పి బిగించిన మనిషి. నా ప్రశ్న విని ఆయన నవ్వలేదు. "ఐతవారం నాతోటి రా మాస్టర్‌సాబ్. మా దోస్త్ ఒకాయన పాత త్రీఫిఫ్టీన్ కొంటనంటున్నడు. చూసి చెప్పమన్నడు. నువ్వు కూడ చూద్దువు" అన్నారు. ల్యాబులోంచి ఒక ఫీలర్ గేజి, అంటే పలుచటి కొలత రేకుల కట్ట, తెమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు.

సైదాబాద్ మీదుగా మూసారాంబాగ్ దాటి స్కూటర్ మీద అబిడ్స్ వైపు బయలుదేరాం. మూసారాంబాగ్ అనే పేరులో ఒక ఫ్రెంచివాడు దాక్కుని ఉన్నాడు. రెండో నిజాం కొలువులో సైన్యం నడిపిన మాన్స్యూర్ రేమాన్ జనం నోట మూసారామ్ అయ్యాడు. ఆయన సమాధి అక్కడి గుట్ట మీదే ఉంది. 1798 మార్చిలో ఆయన చనిపోతే, అదే ఏడు అక్టోబరులో ఆయన పల్టన్లను ఇంగ్లీషువాళ్లు నిరాయుధం చేశారు. ఆయన పెట్టించిన ఫిరంగుల కార్ఖానా పేరే గన్‌ఫౌండ్రీకి మిగిలింది. ఆ కాలపు సిపాయి మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండు గొట్టానికి వదులుగా ఉండి, గోడలకు తగులుతూ బయటికొచ్చి తన ఇష్టమొచ్చిన దారి పట్టేది. రైఫిల్ అంటే ఆ గొట్టంలో మెలికలు తిరిగిన గాడులు కోసిన తుపాకీ. గాడులు తూటాను గట్టిగా పట్టుకుని తిప్పుతాయి. బొంగరం తిరిగినంతసేపు నిలబడ్డట్టే తూటా కూడా తిరుగుతూ తిన్నగా పోతుంది. త్రీనాట్‌త్రీ (.303) రైఫిల్ గొట్టంలో ప్రతి 10 అంగుళాలకు ఒక చుట్టు. తూటా సెకండుకు 2,440 అడుగుల వేగంతో బయటికొస్తుంది కాబట్టి, సెకండుకు 2,900కు పైగా చుట్లు తిరుగుతూ పోతుంది.

మేం చేరిన తుపాకుల దుకాణంలో టేబుల్ మీద రెండు .315 రైఫిళ్లు పెట్టారు. రెండూ సెకండ్ హ్యాండువే. మొదటిది నల్లగా నిగనిగలాడుతోంది. కర్రకు కొత్త పాలిష్. బ్యారెల్‌లోకి చూస్తే లోపల అద్దంలా మెరుస్తోంది. రెండోది వెలిసిపోయి ఇనుము గోధుమరంగుకు తిరిగింది. కర్ర మీద గీతలు, బోరులో మసక. చాచా దోస్తు చెయ్యి మొదటిదాని మీదికి పోయింది. చాచా మాత్రం రెండింటిలో దేని బ్యారెల్‌లోకీ తొంగిచూడలేదు. రెండు బోల్టులూ బయటికి లాగి గుడ్డ మీద పక్కపక్కన పెట్టారు. "ముందు గుండెకాయ చూడాలె. మొఖం తర్వాత" అన్నారు.

ఆ బోల్టు కథ చెప్పాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

.315 పక్కా మన దేశపు సరుకు. మన పోలీసు భుజం మీద దశాబ్దాలు వేలాడిన త్రీనాట్‌త్రీకి పౌర రూపం అది. సైన్యం తూటా జనం చేతిలోని తుపాకీకి సరిపోతే, దొంగిలించిన సర్కారు తూటాలతో తిరుగుబాటు నడుస్తుందని ఇంగ్లీషు ప్రభుత్వం భయపడింది. అందుకే సైన్యం వాడే కొలతలను జనానికి నిషేధించింది. ఆ పద్ధతి ఇప్పటికీ పోలేదు. .303 నిషిద్ధ బోరు, .315 లైసెన్సు మీద దొరికే బోరు. బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పాత లీ–ఎన్‌ఫీల్డ్ యంత్రాంగాన్నే ఉంచి, ఆస్ట్రియాలో పుట్టిన 8 మి.మీ. అంచు తూటాకు సరిపడేలా బ్యారెల్ మార్చి దీన్ని తయారుచేసింది. పేరే మారింది. బోల్టు మాత్రం జేమ్స్ పారిస్ లీ గీసిన బోల్టే.

లీ గడియారాలు బాగుచేసేవాడు. 1831లో స్కాట్లండ్‌లో పుట్టి, పసితనంలోనే కెనడా చేరి, తండ్రి దగ్గర గడియారాల పని నేర్చుకున్నాడు. ఆయన బోల్టును చేతిలోకి తీసుకుంటే ఆ సంగతి తెలుస్తుంది. ఎక్కడా బలప్రదర్శన ఉండదు. చిన్న కదలికతో పెద్ద పని జరిగిపోతుంది.

తలుపుకు గడియ ఎలాంటిదో రైఫిల్‌కు బోల్టు అలాంటిది. పిడి ఎత్తి వెనక్కి లాగితే పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి కేసు బయటికొచ్చి పడుతుంది. ముందుకు తోస్తే మ్యాగజైన్‌లోని కొత్త తూటా బ్యారెల్ వెనక కొసనున్న గదిలోకి పోతుంది. పిడి దించితే బోల్టుకున్న చెవులు బాడీలోని గాళ్లలో ఇరుక్కుని తలుపు మూసుకుంటుంది. ఇంతవరకు ఏ బోల్టు రైఫిల్‌కైనా ఒకటే. ఆ చెవులు ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఇద్దరు మహానుభావులు చెరో దారి పట్టారు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పోటీ ఇది.

జర్మనీలోని ఓబెర్న్‌డోర్ఫ్‌లో పాల్ మౌజర్ చెవులను బోల్టు ముందు కొసన, తూటాకు ఆనుకుని పెట్టాడు. పేలుడు దెబ్బ తగిలే చోటే తాళం. మధ్యలో వంగేదీ నలిగేదీ ఏమీ లేదు. 1898 నమూనాలో అవి కూడా విరిగితే అడ్డుపడడానికి వెనక మూడో చెవి చేర్చాడు. గ్యాసు వెనక్కి తన్నితే పక్కకు పోవడానికి రంధ్రాలు పెట్టాడు. 1901లో తానే రూపొందిస్తున్న ఒక రైఫిల్‌ను పరీక్షిస్తూ ఎడమ కన్ను పోగొట్టుకున్న మనిషి ఆయన. తుపాకీ ఎప్పుడు తన యజమాని మీదికే తిరగబడుతుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలిసి ఉండదు.

లీ చెవులను బోల్టు వెనక భాగంలో పెట్టాడు. చెవులకూ తూటాకూ మధ్య బోల్టు పొడవంతా ఉండిపోయింది. బలం లెక్కలో ఇది మౌజర్ కంటే తక్కువే. దానికి బదులుగా లీ సంపాదించింది వేగం. చెవులు వెనక ఉండడం వల్ల బోల్టు ముందుకూ వెనక్కూ జరగాల్సిన దూరం తగ్గింది. మౌజర్ పిడి లంబకోణం మేర ఎత్తాలి. లీ పిడికి 60 డిగ్రీలు చాలు. అదీ ట్రిగ్గర్ పక్కకే దిగుతుంది కాబట్టి వేలు, బొటనవేలు దాన్ని వెతుక్కోనక్కర్లేదు. ఇంకో చిత్రం చూడండి. తూటాను పేల్చే సూదిని వెనక్కి లాగి స్ప్రింగు బిగించే పని మౌజర్‌లో పిడి ఎత్తేటప్పుడే జరుగుతుంది. వేడెక్కిన గదిలో అతుక్కున్న ఖాళీ కేసును లాగాల్సింది కూడా అప్పుడే. రెండు బరువులూ ఒకే కదలిక మీద పడతాయి. లీ ఆ బరువులను విడదీశాడు. ఎత్తేటప్పుడు కేసును విడిపించడమే పని, ముందుకు తోసి మూసే చివరి అంగుళంలో స్ప్రింగు బిగుస్తుంది. మనిషి ముందుకు తోసే బలం పైకి ఎత్తే బలం కంటే ఎక్కువ కదా. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటిష్ సిపాయికి నిమిషానికి 15 గురిచూసిన తూటాలు పేల్చే తర్ఫీదు ఇవ్వగలిగారంటే ఆ చిన్న విభజన పుణ్యమే.

ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కాక ఏం జరుగుతుందో చూద్దాం. తూటా బ్యారెల్‌లో ఉండేది సెకండులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ సేపు. అంతలోనే గదిలో ఒత్తిడి చదరపు అంగుళానికి 40 వేల పౌండ్లు దాటుతుంది. అది తూటాను ముందుకు తోస్తూనే, కేసు అడుగును వెనక్కి కూడా తోస్తుంది. లెక్క వేస్తే బోల్టు మొహం మీద రెండు టన్నులకు పైగా పడుతుంది. కంకర ఎత్తిన ట్రాక్టరు ట్రాలీ ఒక్క క్షణం బొటనవేలంత బోల్టు మీద నిలబడిందనుకోండి. మౌజర్‌లో ఆ బరువు ముందున్న చెవుల మీదే ఆగిపోతుంది. లీ బోల్టులో అది పొడవంతా ప్రయాణించి వెనక చెవులను తాకుతుంది. బోల్టు కొంచెం నలుగుతుంది, బాడీ కొంచెం సాగుతుంది, మళ్లీ రెండూ యథాస్థానానికి వస్తాయి. ఉక్కు కూడా స్ప్రింగే. మన కంటికి అలా కనిపించదు, అంతే.

ఈ సాగుడు లోపమేనని ఇంజనీర్లు ఏళ్ల తరబడి రాశారు. దగ్గర గురిలో తూటాలు ఒక చోట పడకుండా చెదరడానికి ఇదే కారణమని తప్పుపట్టారు. దూరపు గురి పోటీల్లో మాత్రం కథ తిరగబడింది. సుమారు వెయ్యి గజాల దూరంలో ఇదే లీ రైఫిల్ తూటాలను నిలువుగా మరీ చెదరనివ్వకుండా కుదురుగా వేసేది. నాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వని సంగతి ఇది. కారణం ఇది. పేలుడు దెబ్బకు బాడీ సాగినప్పుడు బ్యారెల్ మూతి చిన్నగా ఊగుతుంది. తూటా బయటికి వచ్చే క్షణంలో మూతి పైకి లేస్తూ ఉంటుంది. ఏ రెండు తూటాల్లోనూ మందు సరిగ్గా ఒకే బలంతో కాలదు. కొంచెం వేగం తక్కువైన తూటా ఆలస్యంగా బయటికొస్తుంది. అప్పటికి మూతి ఇంకాస్త పైకి లేచి ఉంటుంది. మెల్లగా పోయే తూటా ఎక్కువ పడిపోవాలి, కానీ బయలుదేరిందే ఎత్తు కోణంలో. వేగంగా పోయే తూటా తక్కువ పడిపోతుంది, బయలుదేరిందీ తక్కువ కోణంలోనే. రెండు తప్పులూ ఒకదాన్నొకటి దిద్దుకుంటూ పోయి, అంత దూరాన ఒకే ఎత్తులో కలుసుకుంటాయి. దగ్గరలో దిద్దుకునే సమయం లేక చెదురుతాయి. లీ ఇది ముందే ఊహించాడని నేననుకోను. గడియారాలవాడు పెట్టిన చెవుల చోటు ప్రకృతికి నచ్చింది.

మౌజర్ బలం చూసి భయపడని దేశం లేదు. బోయర్ యుద్ధంలో మౌజర్ పట్టిన రైతుల చేతిలో దెబ్బతిన్న బ్రిటిష్ సైన్యం, లీని పక్కనపెట్టి మౌజర్ పద్ధతిలో కొత్త రైఫిల్‌కు 1913లో నమూనా తయారుచేసుకుంది. మరుసటేడు యుద్ధం వచ్చింది, ఆ పని ఆగింది, లీ బతికింది. అమెరికా తన 1903 రైఫిల్‌లో మౌజర్ ఆలోచనలు వాడుకున్నందుకు 2 లక్షల డాలర్లు చెల్లించింది. బలం కొలిస్తే మౌజర్‌దే గెలుపు. నాకు మాత్రం లీ అంటేనే ప్రాణం. ఎందుకంటే లీ బోల్టుకు విడిగా ఊడివచ్చే తల ఉంది.

చాచా ఆ రోజు గుడ్డ మీద చేసిన మొదటి పని అదే. రెండు బోల్టుల తలలనూ మెలితిప్పి ఊడదీశారు. మౌజర్ బోల్టు ఒకే ముక్క. లీ బోల్టు రెండు ముక్కలు. తూటా అడుగును ఆనుకుని ఉండే తల విడిగా మరలా బిగుస్తుంది. దాని ఉపయోగం అర్థం కావాలంటే హెడ్‌స్పేస్ అనే మాట తెలియాలి. త్రీనాట్‌త్రీ కేసు అడుగున పళ్లెం అంచులా ఒక అంచు ఉంటుంది. బ్యారెల్ వెనక మొహానికి ఆ అంచు ఆని ఆగుతుంది. దాని వెనక బోల్టు తల మూసుకుంటుంది. బ్యారెల్ మొహానికీ బోల్టు తలకూ మధ్య ఆ అంచు కోసం వదిలిన ఎడమే హెడ్‌స్పేస్. .303లో అది 1.63 మి.మీ. కంటే తగ్గితే బోల్టు మూసుకోదు. సైన్యంలో 1.88 మి.మీ. దాటితే ఆ రైఫిల్‌ను పక్కన పెట్టేవాళ్లు. అంటే రైఫిల్ యవ్వనానికీ వార్ధక్యానికీ మధ్య దూరం పావు మిల్లీమీటరు.

ఆ పావు మిల్లీమీటరు ఎందుకంత ముఖ్యమంటే, పేలేటప్పుడు గదిని మూసిపెట్టేది ఉక్కు ఒక్కటే కాదు, ఇత్తడి కూడా. కేసు ఉబ్బి గది గోడలకు అతుక్కుని గ్యాసు వెనక్కి రాకుండా ఆపుతుంది. ముందు భాగం గోడకు అతుక్కుపోయాక, వెనక ఎడం ఎక్కువుంటే కేసు అడుగు ఆ ఎడమంతా వెనక్కి జరుగుతుంది. నడుము అతుక్కుని, అడుగు వెనక్కి పోతే సాగేది మధ్య భాగమే. అంచుకు పై భాగాన గోడ పలచబడుతుంది. మరీ ఎక్కువైతే అక్కడే తెగి రెండు ముక్కలవుతుంది. అప్పుడు కొలిమి వేడి గ్యాసు కాల్చేవాడి మొహం వైపు దారి వెతుక్కుంటుంది. వేల తూటాలు పేలాక వెనక చెవులు, అవి ఆనే గాళ్లు అణగారి ఈ ఎడం పెరుగుతుంది. మౌజర్ అయితే బోల్టే మార్చాలి, లేదా బ్యారెల్ విప్పి వెనక్కి జరపాలి. లీ రైఫిల్‌కు కొంచెం పొడుగు తల బిగిస్తే చాలు. రెండో ప్రపంచ యుద్ధకాలపు నంబర్ 4 రైఫిల్‌కైతే ఈ తలల మీద 0 నుంచి 3 దాకా అంకెలే కొట్టి ఉండేవి. అంకె పెరిగేకొద్దీ తల సుమారు ఒక వెంట్రుక మందమంత పొడుగు. యుద్ధభూమిలో, చెట్టు కింద కూర్చుని, అరగంటలో ఒక ఆర్మరర్ ముసలి రైఫిల్‌కు యవ్వనం తిరిగి ఇవ్వగలిగేవాడు. చేతి గడియారంలో అరిగిన చిన్న చక్రం మార్చినట్టు.

దీనికో చీకటి కోణం కూడా ఉంది. దాన్ని చాచానే చూపించారు. చెవులు ఒకవైపే అరిగిన బోల్టుకు పొడుగు తల బిగించి కొలత సరిచేసి అమ్మేయొచ్చు. అందుకే తల కంటే ముందు నంబరు చూడాలి. బోల్టు చెవులు ఆ బాడీ గాళ్లలో రెండువైపులా సమంగా ఆనేలా ఫ్యాక్టరీలో చేత్తో సరిచేసి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టేవాళ్లు. పిడి మొదట్లో ఒకటి, బాడీ మీద ఒకటి. మొదటి రైఫిల్ పిడి వెనక ఉన్న నంబరుకూ బాడీ నంబరుకూ పొంతన లేదు. ఎవరిదో బోల్టు ఇంకెవరి ఇంట్లోనో కాపురం పెట్టింది.

ఆ రైఫిల్ వెంట వచ్చిన డబ్బాలో పేల్చిన ఖాళీ కేసులు కొన్ని ఉన్నాయి. చాచా ఒకటి తీసి కిటికీ వెలుగులో తిప్పారు. అంచుకు కొంచెం పైన, ఇత్తడి చుట్టూ ఒక సన్నటి మెరుపు గీత. కొస వంచిన సైకిల్ పుల్లను కేసు లోపల దూర్చి గోడ వెంట పైకి కిందికి జరిపి నా చేతికిచ్చారు. అడుగుకు దగ్గర ఒక చోట పుల్ల కొస టక్కున తట్టుకుంది. అక్కడ లోపల గాడి పడింది. ఇత్తడి తెగిపోవడానికి సిద్ధపడిన చోటు అది. నా ఒళ్లు జలదరించింది.

అప్పుడు నా ఫీలర్ గేజి పని వచ్చింది. మందు లేని ఇత్తడి డమ్మీ తూటా అడుగున 0.15 మి.మీ. రేకు ఒకటి పెట్టి బోల్టు మూశారు. మొదటి రైఫిల్ అడ్డు చెప్పకుండా మూసుకుంది. రెండోది రేకు లేనప్పుడు హాయిగా మూసుకుని, రేకు పెట్టగానే పిడి సగంలో ఆగిపోయింది. దూరాల్సింది దూరింది, ఆగాల్సింది ఆగింది. మా ల్యాబు పాఠమే అది. తుపాకీని బలంగా తోయకుండా, వేళ్ల కొసలతోనే చాచా ఆ పని చేసిన తీరు మా పిల్లలకు చూపించాలనిపించింది.

ఆ తర్వాత గానీ ఆయన బ్యారెళ్ల జోలికి పోలేదు. బ్యారెల్ కథలో నాకు మక్కువైన మనిషి విలియం మెట్‌ఫర్డ్. రైల్వే ఇంజనీరు. 1857లో మన దేశానికి రైలు పని మీద వచ్చి, ఆ ఏడాది అల్లర్లలో ముంగేర్ పట్టణానికి రక్షణ ఏర్పాట్లు చేసినవాడు. తుపాకుల తయారీకి మన దేశమంతా చెప్పుకునే ఊరు ముంగేరే కావడం నాకు విచిత్రంగా అనిపిస్తుంది. మసి మందు కాలంలో గొట్టం మురికిపట్టకుండా ఉండాలని మెట్‌ఫర్డ్ లోతులేని, అంచులు గుండ్రనైన ఏడు గాడులు గీశాడు. 1888లో లీ బోల్టు, మెట్‌ఫర్డ్ గొట్టం కలిపి బ్రిటన్ రైఫిల్ తయారైంది. కొన్నేళ్లకే కార్డైట్ అనే పొగరాని మందు వచ్చింది. సగానికి పైగా నైట్రోగ్లిజరిన్ ఉన్న ఆ మందు మంట వేడికి మెట్‌ఫర్డ్ గాడులు కరిగిపోయినట్టే పోయాయి. అంచులు పదునైన, లోతైన ఐదు గాడులు ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో కోసి, 1895లో పేరు లీ–ఎన్‌ఫీల్డ్ అని మార్చారు.

బ్యారెల్‌ను తినేవి మూడు. ఒకటి మంట. అది గది ముందు భాగాన్ని, గాడులు మొదలయ్యే చోటును తింటుంది. రెండోది ఉప్పు. పాత తూటాల టోపీలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది మండాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే ఉప్పుకు తమ్ముడు. వానాకాలపు ఉప్పు జాడీలో ఏం జరుగుతుందో గొట్టంలోనూ అదే జరుగుతుంది. గాలిలో తేమ పీల్చి ఇనుమును గుంటలు గుంటలుగా కొరుకుతుంది. నూనె రాస్తే లాభం లేదు. ఆవకాయలో నూనె పైకి తేలినా ఉప్పు కింద ఉప్పుగానే ఉంటుంది కదా. ఉప్పును కరిగించేది నీళ్లే. అందుకే సిపాయిలు బ్యారెల్‌లో మరుగుతున్న నీళ్లు పోసి కడిగి, ఆరాక నూనె రాసేవాళ్లు. మూడోది వింటే బాధేస్తుంది. శుభ్రం చేసే తాడే. గుడ్డ కట్టిన తాడును మూతి నుంచి లాగేటప్పుడు సిపాయి అలవాటుగా ఒక పక్కకే లాగుతాడు. పాత బావి ఒరల రాళ్ల మీద చేంతాడు పడి గాళ్లు పడడం చూశారుగా. సరిగ్గా అలాగే ఏళ్ల తరబడి లాగిన తాడు బ్యారెల్ మూతిని ఒక పక్క కోసేస్తుంది. తూటా చివరిసారి తాకేది మూతినే. అక్కడ ఒక పక్క అరిగితే గ్యాసు ముందు ఆ పక్కనుంచి తప్పించుకుని తూటాను పక్కకు నెడుతుంది. ప్రేమగా చూసుకున్న రైఫిలే గురి తప్పుతుంది.

చాచా రెండు బ్యారెళ్లనూ కిటికీ వైపు పట్టి నెమ్మదిగా తిప్పారు. తిన్నని గొట్టంలో వెలుగు ఒకదాని లోపల ఒకటి సమానమైన గాజుల్లా కనిపిస్తుంది. ఎక్కడైనా ఉబ్బితే నల్లటి ఉంగరంలా నీడ పడుతుంది. మొదటిదాని మూతి దగ్గర గాడుల అంచులు గుండ్రబడ్డాయి. అద్దంలాంటి మెరుపు పదేపదే రుద్దడం వల్ల వచ్చిందే. డమ్మీ తూటాను మూతిలో పెడితే కేసు దాకా దిగిపోయింది. రెండోదానిలో మసక ఉన్నా గాడుల అంచులు పదునుగా ఉన్నాయి. తూటా కేసు దాకా దిగకుండానే పట్టుకుని ఆగింది. కర్ర కింద, పేలుడు దెబ్బ తగిలే చోట నూనె పీల్చి నల్లబడి మెత్తబడిందా అని గోరుతో గిచ్చి చూశారు. గట్టిగానే ఉంది.

ఆ తర్వాతి చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. ఈషాపూర్ ఈ రైఫిళ్లు రెండు ప్రపంచ యుద్ధాలకూ తయారుచేసింది. ముందు భాగపు చెక్క చీలకుండా అడ్డంగా ఒక మర బిగించడం ఆ ఫ్యాక్టరీ గుర్తు. పోలీసుల కోసం కొన్నింటి గొట్టాల్లో గాడులే లేకుండా చేసి .410 మస్కెట్లుగా మార్చింది. గాడులు తీసేసిన రైఫిల్‌ను తలుచుకుంటే నాకు ఏదోలా ఉంటుంది. 1962 యుద్ధం తర్వాత మన సైన్యం తనంతట తానే తూటా ఎక్కించుకునే రైఫిళ్లకు మారింది. ఈషాపూర్ మాత్రం మెరుగైన ఉక్కుతో, 7.62 మి.మీ. తూటాకు 2ఎ, 2ఎ1 అని లీ బోల్టు చివరి సంతానాన్ని కన్నది. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినోత్సవం నాడు. గడియారాలవాడి బోల్టు నూట ముప్పై ఏళ్లకు పైగా సర్కారు కొలువు చేసింది.

దుకాణంలో చాచా తీర్పు రెండు ముక్కలు. "ఇది వద్దు. అది తీస్కో." మెరిసేదానికి కొత్త బోల్టు, కొత్త బ్యారెల్ కావాలి. అప్పుడది కొత్త తుపాకీయే. వెలిసిపోయినదానికి మరుగునీళ్ల స్నానం, కొంచెం నూనె చాలు. ఆయన దోస్తు కాసేపు మొదటిదాని వైపు చూసి, చివరికి రెండోదానికే సరేనన్నాడు. అది అప్పటికప్పుడు చేతికి రాలేదు. ఆయుధాల చట్టం ప్రకారం తన సొంత తుపాకీ అమ్మేవాడు అధికారులకు రాతపూర్వకంగా తెలిపి కనీసం 45 రోజులు ఆగాలి. కొనేవాడికి ఆ బోరుకు లైసెన్సు ఉండాలి, నగరంలో అది ఇచ్చేది పోలీసు కమిషనర్. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు.

లైసెన్సు ఉండి పాత .315 కొనబోయే వారికి నా విన్నపం ఇది. వెంట ఒక ఆర్మరర్‌ను తీసుకెళ్లండి. బ్యారెల్ మెరుపు చూసే ముందు బోల్టు, బాడీ నంబర్లు కలుస్తున్నాయా చూడండి. ఆ రైఫిల్‌లో పేలిన ఖాళీ కేసు ఒకటి అడిగి తీసుకుని, లోపలి గోడను వంచిన పుల్లతో తడమండి. పుల్ల ఎక్కడైనా తట్టుకుంటే ఆ తుపాకీని టేబుల్ మీదే వదిలేసి రండి.